ల్యాబ్ జర్నల్ మూడో పేజీ

గత నెలలో ఇద్దరు అధ్యాపకులు కర్నూలులో మా ఇంటికి వచ్చారు. నేను రిటైరైన యూనివర్సిటీ జర్నలిజం విభాగంలో కొత్తగా చేరినవాళ్ళు. ఈ వృత్తిలో ముందుగా తెలుసుకోవలసింది ఏమిటో చెప్పమన్నారు. సిలబస్ గురించి, హాజరు గురించి నాలుగు మాటలు చెప్పి, టీ ఇచ్చి పంపించాను. వాళ్ళు వెళ్ళాక నా మీద నాకే అసహ్యం వేసింది. వాళ్ళకు చెప్పకుండా దాచింది ఇక్కడ రాస్తున్నాను.

పదోన్నతులు, సెమినార్లు, సన్మానాలు వదిలేస్తున్నాను. వాటివల్ల ఎవరికీ మేలు జరగలేదు, కీడు కూడా జరగలేదు. కీడు జరిగింది ఒక వ్యాసం వల్ల. దాన్ని నేను శ్రద్ధగా, నియమం తప్పకుండా అచ్చు వేయించాను.

మా దగ్గరికి వచ్చే పిల్లలు

మా విభాగానికి ఇష్టపడి వచ్చేవాళ్ళు తక్కువ. వేరే సబ్జెక్టులో సీటు రానివాళ్ళు, హాస్టల్ దొరుకుతుందని చేరినవాళ్ళు, పోటీ పరీక్షలకు చదువుకుంటూ పేరుకు మా దగ్గర ఉండేవాళ్ళు ఎక్కువ. అటు ఆదోని, ఆలూరు వైపు నుంచి, ఇటు కడప జిల్లాలో మైదుకూరు, జమ్మలమడుగు వైపు నుంచి వస్తారు. చాలామంది ఇళ్ళలో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి వాళ్ళే. తక్కువ చేసి చెప్పడం లేదు. నాది జమ్మలమడుగు. నేనూ ఇంగ్లిషులో సీటు రాకనే ఇందులో చేరాను.

వాళ్ళకు మేము బోర్డు మీద మూడు డబ్బాలు గీసి చూపించేవాళ్ళం. పంపేవాడు, సందేశం, అందుకునేవాడు. మధ్యలో బాణాలు. ఎక్కడో ఎవరో వాళ్ళ దేశం కోసం రాసుకున్న పుస్తకాల్లోంచి తెచ్చిన బొమ్మలు అవి. విభాగానికి ఒక మంచి కెమెరా ఉండేది. పోతే ఎవరు జవాబు చెప్పాలనే భయంతో బీరువాలోంచి తీసేవాళ్ళం కాదు. తనిఖీ కమిటీ వచ్చిన రోజు తుడిచి టేబుల్ మీద పెట్టేవాళ్ళం.

చదువు ముగించినవాళ్ళలో కొందరు మండల విలేకరులయ్యేవారు. ఆ పనికి జీతం ఉండదు. ప్రకటనలు తెచ్చిపెట్టాలి. ఎవరి తప్పుల మీద రాయాలో వాళ్ళ దగ్గరికే ప్రకటన కోసం వెళ్ళాలి. ఈ సంగతి మాకు బాగా తెలుసు. అయినా పత్రికా స్వేచ్ఛ యూనిట్ మీద పది మార్కుల ప్రశ్న ప్రతి ఏడూ అడిగేవాళ్ళం.

పేరు, వయసు, ఊరు

అన్నిటిలోకీ నిజమైన పని ల్యాబ్ జర్నల్ ఒక్కటే. విద్యార్థులే ఊళ్ళకు వెళ్ళి, రాసి, దిద్ది, పేజీలు పెట్టి తెచ్చే నాలుగు పేజీల పత్రిక. సెమిస్టరుకు రెండుసార్లు అచ్చయ్యేది. ఎవరూ చదివేవారు కాదు. కట్టలు నా గదిలో టేబుల్ కింద ఉండేవి. దానికి సంపాదకుణ్ణి నేను.

యూనివర్సిటీకి రాకముందు కడపలో ఒక దినపత్రిక డెస్కులో ఆరేళ్ళు పనిచేశాను. ‘గ్రామస్థులు వాపోతున్నారు’ అని ఊరి మొహం చూడకుండా ఎన్ని వార్తలు రాశామో లెక్కలేదు. వాపోయిన గ్రామస్థుడు మా పక్క కుర్చీలోనే ఉండేవాడు. అది చూసి చూసి ల్యాబ్ జర్నల్‌కు ఒక నియమం పెట్టాను. మాట్లాడిన మనిషి పేరు, వయసు, ఊరు, ఫొటో ఉండాలి. సంభాషణ ఫోన్లో రికార్డు చేసి ఉండాలి. పేరు లేకపోతే పది మార్కులు కోత. ఈ నియమం పెట్టినందుకు నాకు గర్వంగా ఉండేది. పుస్తకాల్లో అది ఇప్పటికీ సరైన నియమమే.

మహాదేవి తెచ్చిన వ్యాసం

మహాదేవి ఆదోని అవతల, కర్ణాటక సరిహద్దుకు దగ్గరి ఊరి నుంచి వచ్చిన అమ్మాయి. తరగతిలో మాట్లాడేది కాదు. రాస్తే మాత్రం ఒక్క మాట కూడా ఎక్కువ రాసేది కాదు. ముప్పయ్యేళ్ళలో అట్లా రాసేవాళ్ళను నలుగురిని చూసి ఉంటాను.

ఒక దసరా సెలవుల తర్వాత తమ ఊరి బడి వంటమనిషి మీద వ్యాసం తెచ్చింది. ఆ వంటమనిషి పేరు ఉరుకుందమ్మ. భర్త పోయాడు. ఒక్క కూతురు, గంగ, అదే బడిలో నాలుగో తరగతి. ఆ వైపు ఊళ్ళలో పంటలు అయిపోగానే కూలి కుటుంబాలు ఇళ్ళకు తాళాలు వేసి గుంటూరు వైపు మిరప కోతలకు పోతాయి. సుగ్గికి పోవడం అంటారు. పిల్లలను వెంట తీసుకుపోతారు. వాళ్ళ బడి అంతటితో సరి. వంట పని ఉన్నందువల్ల ఉరుకుందమ్మ సుగ్గికి పోనక్కరలేదు. గంగ బడిలో ఉండటానికి ఉన్న ఆధారం ఆ పని ఒక్కటే.

ఆ బడికి ఒక్కడే ఉపాధ్యాయుడు. వారంలో రెండు మూడు రోజులు వచ్చేవాడు కాదు. అట్లాంటి రోజుల్లో తాళం తీసి పిల్లలను కూర్చోబెట్టేది ఉరుకుందమ్మ. రాని పిల్లల ఇళ్ళకు చేతిలో గరిటెతోనే వెళ్ళి లాక్కొచ్చేది. ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, తన గొప్ప చెప్పుకుంటున్నట్టు ఆమె మహాదేవికి చెప్పిన మాటలు ఇవి:

“సారు వచ్చిన దినం సారు కొడ్తాడు బెల్లు. రాని దినం నేను కొడ్తా. మోగకుంటే పిల్లోళ్ళు యాడికో పోతారు, మళ్ళ దొరకరు. ఎక్కాలు నాకు పదమూడు దాకా వస్తాయి, ఆడికి చెప్తా. పద్నాలుగోది సారు వచ్చినప్పుడు నేర్చుకుంటారులే.”

చదివి చాలా సంతోషించాను. మూడో పేజీలో సగం పేజీ ఇద్దామన్నాను. మహాదేవి వెళ్ళకుండా అక్కడే నిలబడింది. ఏమిటని అడిగితే, పేరు తీసేస్తే బాగుంటుందని అంది. ఆమె వద్దన్నదా అని అడిగాను.

“లేదు సార్, ఆయమ్మకు సంబరమే. పేరు ఎయ్యమనే అంటాది. కానీ ఆ సారు మా ఊరి పెద్దాయప్పకు శానా కావాల్సినోడు.”

“ఆమెకు లేని భయం నీకెందుకమ్మా?” అన్నాను. పేరు లేని మనిషి మాటకు విలువ లేదని, అది వార్త కాదు, పుకారు అని ఐదు నిమిషాలు చెప్పాను. పది మార్కుల సంగతి కూడా గుర్తుచేశాను. వ్యాసం నా టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయింది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళు ఇక్కడ ఆగండి. అచ్చులో పేరు వస్తే ఏమవుతుందో ఉరుకుందమ్మకు తెలియదు. తెలియని మనిషి ‘సరే’ అనడం ఒప్పుకోవడం కాదు. మహాదేవికి ఆ ఊరు తెలుసు. తెలిసిన మనిషి వద్దంటే, నేను పుస్తకం తెరిచి జవాబు చెప్పాను.

ఇంకో తప్పు కూడా ఉంది. ఆ ఉపాధ్యాయుడు ఎందుకు రావడం లేదో అడగమని నేను మహాదేవికి చెప్పలేదు. ఇది పొగడ్త వ్యాసం కదా, రెండో వైపు ఏముంటుందిలే అనుకున్నాను. ఆదోనిలో అతని తల్లి మంచంలో ఉందని, చూసే దిక్కు లేదని చాలా ఆలస్యంగా తెలిసింది. ఒకరిని పొగిడే వ్యాసం ఇంకొకరి మీద ఆరోపణ కావచ్చునని ముప్పయ్యేళ్ళ అనుభవం ఉన్న నాకు తట్టలేదు.

అచ్చు తర్వాత

ఎవరూ చదవని పత్రిక కదా అనే ధైర్యం మాకు ఎప్పుడూ ఉండేది. మహాదేవి ఒక ప్రతి తీసుకుపోయి ఉరుకుందమ్మకు ఇచ్చింది. ఆమె దాన్ని వంటగది గోడకు అంటించింది. వచ్చినవాళ్ళకల్లా చూపించింది. ఎవరో ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అది ఆ మండల విలేకరికి చేరింది. అతను నా పాత విద్యార్థి, రాజశేఖర్. ఊరికి వెళ్ళలేదు, ఎవరికీ ఫోన్ చేయలేదు. మరుసటి రోజు జిల్లా పేజీలో వచ్చింది: ‘పంతులు డుమ్మా.. వంటమ్మే పంతులమ్మ!’

పొద్దున్నే నాకు ఫోన్ చేశాడు. “సార్, మన జర్నల్లోదే. రోంత మార్చుకున్న్యా. బాగొచ్చింది, చూడండి.” పేరు, వయసు, ఊరు, ఫొటో అన్నీ ఉన్నాయి. నేను నేర్పినట్టే.

మండల విద్యాధికారి ఉపాధ్యాయుడికి మెమో ఇచ్చాడు. వార్త అబద్ధమని ఉపాధ్యాయుడు జవాబు రాశాడు. దాంతో అధికారి మా విభాగానికి లేఖ పంపాడు. వంటమనిషి ఆ మాటలు చెప్పడం నిజమేనా, ఆధారం ఉంటే పంపండి అని. న్యాయమైన ప్రశ్నే అడిగాడు.

ఆ సంగతి తెలిసి మహాదేవి నా గదికి వచ్చింది. టేబుల్ మీద ఫోన్ పెట్టింది. “సార్, ఆయమ్మ మాట్లాడింది మొత్తం ఇందులో ఉండాది. పంపించండి” అంది. విభాగాధిపతిని అడిగి చెప్తానని పంపించేశాను.

మా విభాగాధిపతి చెడ్డవాడు కాదు. విద్యార్థుల ఫీజులు తన జేబులోంచి కట్టిన మనిషి. ఆయనకు భయం ఉండేది, అంతే. విభాగం మూసేస్తారని, ల్యాబ్ జర్నల్ ఆపేస్తారని, ఉన్న రెండు పోస్టులు పోతాయని. రికార్డింగ్ సంగతి చెప్పగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఏమప్పా, మనమేమన్నా పేపరు నడుపుతాండామా? పిల్లోళ్ళు పరీక్ష రాసినట్ల రాసినారు, మనం మార్కులేసినాం. ఎవురికీ దెబ్బ తగలకుండా రాసిచ్చేస్తే ఫైలు మూసుకుంటాది. ఆయమ్మకు గూడా అదే మంచిది.”

చివరి మాటను నేను నమ్మాను. నమ్మడం నాకు అనుకూలంగా ఉంది కాబట్టి నమ్మాను. లేఖ ఆయన చెప్పాడు, నేను రాశాను. ‘సదరు పత్రిక విద్యార్థుల అభ్యాసార్థము మాత్రమే వెలువడునది. అందలి విషయములను వాస్తవములుగా పరిగణించనవసరము లేదు.’ మొదట ‘పరిగణించరాదు’ అని ఉంటే, మరీ కటువుగా ఉందని నేనే మార్చాను. కింద ఆయన సంతకం, దాని పక్కన సంపాదకుడిగా నాది.

ఆ వ్యాసానికి మహాదేవికి వేసిన మార్కులు ఆ సెమిస్టరులో అన్నిటికంటే ఎక్కువ. వాటిని మేము మార్చలేదు. వాస్తవం కాదని రాసిచ్చిన వార్తకు ఉత్తమ వార్త మార్కులు మా రిజిస్టరులో అట్లాగే ఉన్నాయి.

ఫైలు మూసుకుంది

విభాగాధిపతి చెప్పినట్టే ఫైలు మూసుకుంది. ఉపాధ్యాయుడి మీద చర్య లేదు. మా మీద మాట లేదు. వార్త అబద్ధమైతే దాన్ని పుట్టించింది ఎవరు అనే ప్రశ్న మిగిలింది. బడి కమిటీ కూర్చుని, బడికి చెడ్డపేరు తెచ్చిందని ఉరుకుందమ్మను వంట నుంచి తీసేసింది. రాజశేఖర్ దాన్ని కూడా వేశాడు. ‘వంటమనిషి మాటలు అవాస్తవం.’ మూడు అంగుళాల వార్త. అందులో కూడా ఆమె పేరు ఉంది.

కమిటీ ముందు ఉరుకుందమ్మ అడిగిన మాట మహాదేవి నాకు చెప్పింది. “నేను చెప్పలేదంటారా, చెప్పింది అబద్ధమంటారా? రెండిట్లో ఏదో ఒకటి చెప్పండప్పా, ఇంటికి పోతా.”

ఆ సంక్రాంతి లోపలే ఆమె సుగ్గికి పోయింది. తొమ్మిదేళ్ళ పిల్లను ఇంట్లో ఒంటరిగా వదిలిపోలేదు కదా. గంగను వెంట తీసుకుపోయింది. పిల్లలు బడి మానకుండా చూసిన మనిషి కూతురు బడి మానేసింది. తర్వాత వేసవిలో తిరిగి వచ్చినా మళ్ళీ బడికి సరిగా పోలేదని విన్నాను.

మహాదేవి కోర్సు పూర్తిచేసింది కానీ పత్రికల వైపు వెళ్ళలేదు. ఒక పెద్ద పత్రిక జర్నలిజం స్కూలు పరీక్షకు నేనే దరఖాస్తు తెప్పించి ఇచ్చాను. నింపలేదు. నన్ను తప్పు పట్టలేదు, నాతో మాట్లాడటం మానేయలేదు. ఎదురుపడితే నమస్కారం చేసేది. ఆ నమస్కారం కంటే తిట్టు నయం.

నేను ఆ ఊరికి వెళ్ళలేదు. వెళ్ళాలని చాలాసార్లు అనుకున్నాను. మూల్యాంకనం, పరీక్షలు, వైవాలు, ఏవో ఒకటి ఉండేవి. అన్నీ నిజమైన పనులే. వెళ్ళకపోవడానికి అవి కారణం కాదు.

రెండేళ్ళ కిందట మహాదేవి ఫోన్ చేసింది. ఉరుకుందమ్మ పోయిందని చెప్పింది. మిరప చేల దగ్గర గుడిసెలో జ్వరం. ఆసుపత్రికి తీసుకుపోయేసరికి ఆలస్యమైంది. జ్వరానికీ నా సంతకానికీ సంబంధం ఉందని నేను అనను. పని ఉంటే ఆమె ఆ గుడిసెలో ఉండేది కాదు. అంతవరకే అనగలను.

ఆదోనిలో

ఉద్యోగ విరమణ రోజు నా గురించి పదకొండు మంది మాట్లాడారు. నిజాయితీ అనే మాట ప్రతివాడూ వాడాడు. ఇంటికి వచ్చాక ఒక కాగితం రాశాను. ఉరుకుందమ్మ చెప్పింది నిజమని, మేము పంపిన లేఖ తప్పని. దాన్ని తీసుకుని ఆదోని వెళ్ళాను. మహాదేవి ఇప్పుడు అక్కడికి దగ్గరలో గ్రామ సచివాలయంలో పనిచేస్తోంది. చదివి, మడిచి, నా చేతికే ఇచ్చింది.

“ఎవురికిస్తారు సార్ ఇది? ఆ సారు రిటైరయి పోయినాడు. కమిటీ లేదు. ఆ బడే లేదు, పక్కూరి బళ్ళో కలిపేసినారు. గంగ ఈడ్నే ఉండాది. ఇస్తే ఆ పాపకియ్యండి.”

గంగ ఆదోనిలో ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేస్తోంది. నాలుగో తరగతితో ఆగిపోయిన పిల్ల. ఆమెకు అర్థమయ్యేలా ఉండాలని ఆ కాగితాన్ని మళ్ళీ రాశాను. చిన్న వాక్యాలు, సులువైన మాటలు. కమ్యూనికేషన్ ప్రొఫెసర్‌కు ఏడు వాక్యాలు రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

మరో వారంలో మళ్ళీ వెళ్ళాను. మధ్యాహ్నం అన్నం వేళ మిల్లు గేటు బయట మహాదేవి నన్ను ఆమెకు చూపించింది. పదిహేడేళ్ళుంటాయేమో. జుట్టునిండా పత్తి నూగు. కాగితం ఇస్తే, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతుందని అనుకున్నాను. ఫోన్లో మెసేజీ చదివినట్టు గబగబా చదివేసింది.

“ఇది నాకేంటికి సార్?” అంది. “ఆ బళ్ళో నేనుంటి. బెల్లు ఎవురు కొడ్తాండ్రో నాకు తెలీదా?”

మహాదేవి ఏదో సర్దిచెప్పబోయింది. గంగ ఆమెను ఆపింది.

“మా యమ్మ అబద్ధం చెప్పిందని పేపర్లో వచ్చె, అక్కా. ఊరంతా సదివిరి. నిజమని యాడన్నా వచ్చిందా?” తర్వాత నా వైపు తిరిగింది. “మీరు రాస్తారంట గదా సార్. యాడన్నా రాయండి. పేరు ఎయ్యండి.”

పేరు వేస్తే ఏమేమి జరగవచ్చో ఈసారి ముందే చెప్పాను. ఊరివాళ్ళు మళ్ళీ మాట్లాడుకోవచ్చు. మిల్లులో ఎవరైనా అడగవచ్చు. పాత సంగతులు తవ్వుతున్నారని ఎవరికైనా కోపం రావచ్చు. చివరిదాకా వింది.

“ఇంగేమయితాది సార్? తీసేసేకి మా యమ్మకు ఇంగ ఏం పనుండాది?”

లోపల గంట మోగింది. కాగితం నాకే ఇచ్చేసి గేటులోకి వెళ్ళిపోయింది.

ఈ వ్యాసంలో మహాదేవి, గంగ, రాజశేఖర్ అసలు పేర్లు కావు. ఊరి పేరు రాయలేదు, ఎందుకంటే మహాదేవి ఇంటివాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. ఒక్క పేరు మాత్రం మార్చలేదు.

పత్రికల్లో తప్పు దిద్దుకునేటప్పుడు లోపలి పేజీలో, అడుగున, చిన్న అక్షరాల్లో వేస్తారు. డెస్కులో ఉన్నప్పుడు నేనూ అట్లాగే వేశాను. దీన్ని మిగతా వ్యాసం ఉన్న అక్షరాల్లోనే వేయమని సంపాదకుణ్ణి కోరాను.

సవరణ: బడి వంటమనిషి ఉరుకుందమ్మ చెప్పినట్టు మా ల్యాబ్ జర్నల్ మూడో పేజీలో వచ్చిన మాటలన్నీ నిజం. అవి వాస్తవాలు కానక్కరలేదని మా విభాగం పంపిన లేఖ అబద్ధం. సంతకం పెట్టిన రోజునే అది అబద్ధమని నాకు తెలుసు.